బంతి అందే చోటు

ప్రశ్న: ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లను చాలా ఏళ్ళుగా అర్ధరాత్రి దాకా మేలుకొని చూస్తున్నాను. చెల్సీలో బెంచీకే పరిమితమైన మహమ్మద్ సలా, కెవిన్ డి బ్రుయిన్ ఇద్దరూ ఆ క్లబ్బును వదిలాక ప్రపంచ మేటి ఆటగాళ్ళ వరుసలోకి చేరారు. ఒకచోట పనికిరాడనిపించుకున్నవాడు మరోచోట అంతగా ఎలా రాణిస్తాడు? ఇది కోచ్‌ల పొరపాటా, ఆటగాడి అదృష్టమా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పొరపాటూ అదృష్టమూ రెండూ ఎంతో కొంత ఉంటాయి గాని, అసలు కారణం వేరే ఉందని నా అభిప్రాయం. మనం క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్ళం. క్రికెట్‌లో బ్యాటర్ క్రీజులో నిలబడితే బంతి అతని దగ్గరికి వచ్చి తీరుతుంది. జట్టు మారినా, మైదానం మారినా, ఆ 22 గజాల దూరం మారదు. అందుకే పరుగులు రాకపోతే లోపం అతనిదేనని వెంటనే తేల్చేస్తాం. చాలాసార్లు అది సబబే. ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్ (గోల్స్ చెయ్యడమే పనిగా అందరికంటే ముందు ఆడేవాడు) దగ్గరికి బంతి వస్తుందా రాదా, వస్తే ఎక్కడ వస్తుంది, అప్పుడు అతని ముఖం గోల్ వైపు ఉంటుందా తన జట్టు వైపు ఉంటుందా, ఎదుట ఎంత ఖాళీ ఉంటుంది అన్నవన్నీ మిగిలిన పదిమంది కదలికల మీద ఆధారపడి ఉంటాయి. ఆటగాడి నైపుణ్యం అతనితోపాటే కొత్త క్లబ్బుకు వెళుతుంది గాని, బంతి అందే చోటు అతని వెంట వెళ్ళదు.

సలా సంగతే చూడండి. 2014 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ క్లబ్బు నుంచి చెల్సీకి వచ్చిన అతనికి, ఏడాది కాలంలో 13 లీగ్ మ్యాచ్‌లు, 2 గోల్స్ మాత్రమే దక్కాయి. అప్పటికే అక్కడ అదే తరహా స్థానాల కోసం హజార్డ్, విలియన్, ఆస్కార్, షుర్లే పోటీ పడుతున్నారు. మేనేజర్ (అంటే కోచ్) మౌరిన్యో తన వింగర్ల నుంచి, అంటే మైదానం అంచు గీత పక్కన దాడి చేసేవాళ్ళ నుంచి, ముందుగా కోరేది, బంతి చేజారగానే వెనక్కి పరుగెత్తి అదే అంచున కాపు కాసే డిఫెండర్ అయిన ఫుల్‌బ్యాక్‌కు తోడుగా నిలవడం. గోల్‌కు 60 గజాల దూరంలో, గీత పక్కన, వెనకనుంచి ప్రత్యర్థి మీదికి వస్తుండగా బంతి అందుకునే వింగర్ ఎంత వేగవంతుడైనా, ఆ వేగంలో సగం దారిలోనే ఖర్చయిపోతుంది.

అక్కడి నుంచి అతను ఇటలీ వెళ్ళాడు. ముందు ఫియొరెంటీనాకు, ఆ తర్వాత రోమాకు ఆడాడు. రోమాలో రెండు సీజన్లలో 14, 15 లీగ్ గోల్స్ చేశాడంటే, అతను లివర్‌పూల్‌లో రాత్రికి రాత్రి మారిపోయాడనే మాట సరికాదన్నమాట. 2017లో లివర్‌పూల్‌కు వచ్చాక మొదటి సీజన్‌లోనే 36 లీగ్ మ్యాచ్‌లలో 32 గోల్స్ చేసి, 38 మ్యాచ్‌ల సీజన్‌లో అప్పటికి రికార్డు నెలకొల్పాడు.

ఆ గోల్స్ ఎలా వచ్చాయో ఒక్కసారి దగ్గరగా చూడాలి. లివర్‌పూల్ సెంటర్ ఫార్వర్డ్ (మధ్యలో ఆడే స్ట్రైకర్) ఫిర్మినో ప్రత్యర్థి గోల్ ముందు నిలబడేవాడు కాదు. బంతి కోసమన్నట్టు మైదానం మధ్యకు జరిగి వచ్చేవాడు. అతన్ని కాపు కాసే సెంటర్‌బ్యాక్‌కు, అంటే మధ్య డిఫెండర్‌కు, రెండే దారులు: వెంట రావడం, లేదా వదిలెయ్యడం. వదిలేస్తే ఫిర్మినో తీరిగ్గా వెనుదిరిగి పాస్ ఇస్తాడు. వెంట వస్తే ఆ సెంటర్‌బ్యాక్ వెనక చోటు ఖాళీ అవుతుంది. సరిగ్గా ఆ క్షణంలో లివర్‌పూల్ రైట్‌బ్యాక్ (కుడివైపు ఫుల్‌బ్యాక్) గీత పక్కనుంచి ముందుకు ఉరికి ప్రత్యర్థి లెఫ్ట్‌బ్యాక్‌ను బయటికి లాగుతాడు. ఆ సెంటర్‌బ్యాక్‌కూ లెఫ్ట్‌బ్యాక్‌కూ మధ్య తెరుచుకున్న సందులోకి, కుడివైపు ఆడే ఎడమకాలి వాటం ఆటగాడు సలా దూసుకొస్తాడు. అతనికి బంతి అందేది పరుగులో ఉండగా, గోల్ ఎదురుగా, బలమైన కాలి వైపు. చెల్సీలో ఉన్నదీ ఆ కాలే, ఆ వేగమే. మారిందల్లా అతని ముందున్న ఖాళీ.

ఇక్కడ మౌరిన్యోకు న్యాయంగా ఒక మాట చెప్పాలి. సలాను పక్కన పెట్టిన ఆ చెల్సీయే 2014-15లో లీగ్ విజేత. హజార్డ్ ఆ ఏటి ఉత్తమ ఆటగాడు. ఆ జట్టుకు ఆ పద్ధతి సరిపోయింది కాబట్టి కోచ్ గుడ్డివాడని అనడానికి వీల్లేదు. ఒక జట్టుకు సరైన నిర్ణయం ఒక ఆటగాడికి అన్యాయంగా పరిణమించడం ఈ ఆటలో తరచూ జరిగేదే.

మీరు అడగకపోయినా, నాకు ఎక్కువ ఇష్టమైన ఉదాహరణ థియరీ హెన్రీది. 1998లో ఇరవై ఏళ్ళకే ఫ్రాన్స్ తరఫున ప్రపంచ కప్ గెలిచిన హెన్రీ, 1999 జనవరిలో యువెంటస్‌లో చేరాడు. అక్కడ అతన్ని గీత పక్కన, రక్షణ బాధ్యతలు కూడా ఉన్న స్థానంలో ఆడించారు. 16 లీగ్ మ్యాచ్‌లలో 3 గోల్స్ చేసి ఆ వేసవిలోనే అతను ఆర్సెనల్‌కు వచ్చేశాడు. 1994లో మొనాకో జట్టులో హెన్రీని మొదటిసారి బరిలోకి దింపిన ఆర్సేన్ వెంగరే ఇక్కడ మేనేజర్. ఆయన హెన్రీని గీత నుంచి మధ్యకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. ఆ మార్పు వెంటనే ఫలించలేదు. మొదటి 8 మ్యాచ్‌లలో హెన్రీ ఒక్క గోల్ కూడా చెయ్యలేదు. 1999 సెప్టెంబరు 18న సౌతాంప్టన్‌లో ఆట మధ్యలో దిగి, గోల్ ముందు గీసిన పెనాల్టీ బాక్స్ అంచున ప్రత్యర్థికి వీపు పెట్టి బంతిని అందుకొని, గిర్రున తిరిగి కొట్టిన షాట్‌తో అతని ఖాతా తెరుచుకుంది. ఆ మ్యాచ్ 1-0తో ఆర్సెనల్‌దే. అక్కడినుంచి మొత్తం 228 గోల్స్‌తో ఆ క్లబ్బు చరిత్రలోనే అత్యధిక గోల్స్ వీరుడయ్యాడు. కొత్త స్థానం ఎంత ముఖ్యమో, గోల్ లేని ఆ ఎనిమిది మ్యాచ్‌ల ఓపిక కూడా అంతే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. వెంగర్‌కు అతను కుర్రతనం నుంచీ తెలుసు, అందుకే ఆగగలిగాడు. తొమ్మిదో మ్యాచ్‌కు ముందే విసుగుపడే క్లబ్బులు ఎన్నో ఉన్నాయి.

డి బ్రుయిన్ విషయంలో ప్రధానంగా కరువైనది ఆ వ్యవధే. 2013-14 సీజన్‌లో చెల్సీ తరఫున అతను ఆడిన లీగ్ మ్యాచ్‌లు 3 మాత్రమే. 2014 జనవరిలో జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌కు వెళ్ళి, 2015లో ఆ దేశపు ఉత్తమ ఫుట్‌బాలర్‌గా ఎన్నికై, అదే ఏడు మాంచెస్టర్ సిటీకి చేరాడు. అతని ప్రతిభ అంతా ఇతరులు సాహసించని పాస్ ఇవ్వడంలో ఉంది. అలాంటి పాస్‌లు పదింటిలో ఆరు తప్పినా, మిగిలిన నాలుగూ మ్యాచ్‌ను మలుపు తిప్పుతాయి. చివరి పావుగంటకు మైదానంలోకి దిగే మనిషి, మళ్ళీ ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియనివాడు, ఆ ఆరు తప్పులు చెయ్యడానికి సాహసించడు. చెయ్యకపోతే ఆ నాలుగూ రావు.

ప్రశ్న: మీరు చెప్పే పద్ధతి చూస్తే తప్పంతా క్లబ్బులదే అనిపిస్తోంది. ఫెర్నాండో టోరెస్ చెల్సీలో విఫలమైనప్పుడు కూడా అంతేనా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: కాదు, మీరు గుర్తుచేసిన పేరు నా వాదనకు తగిన హద్దు గీస్తుంది. టోరెస్ లివర్‌పూల్‌కు 102 లీగ్ మ్యాచ్‌లలో 65 గోల్స్ చేశాడు. 2011 జనవరిలో 5 కోట్ల పౌండ్లకు చెల్సీలో చేరి, 110 లీగ్ మ్యాచ్‌లలో 20 గోల్స్‌తో సరిపెట్టుకున్నాడు. బంతి అందే చోటు ఇక్కడ కూడా మారిన మాట నిజమే. లివర్‌పూల్‌లో అతను తలెత్తి పరుగు మొదలుపెడితే చాలు, స్టీవెన్ జెరార్డ్ పాస్ డిఫెండర్ల వెనక పడేది. చెల్సీకి ఎదురయ్యే జట్లలో చాలామటుకు తమ గోల్ ముందే గుమిగూడి ఉండేవి కాబట్టి, పరుగెత్తడానికి ఆ వెనక చోటే ఉండేది కాదు. అయితే అదొక్కటే కారణమనడం నిజాన్ని సగం దాచడమే అవుతుంది. 2010లో కొన్ని నెలల తేడాతో అతని కుడి మోకాలికి రెండుసార్లు శస్త్రచికిత్స జరిగింది. టోరెస్ ఆటకు ప్రాణం మొదటి నాలుగు అడుగుల్లో ఉండేది. డిఫెండర్ కదలకముందే అతను దాటిపోయేవాడు. ఆ మెరుపు మునుపటిలా తిరిగి రాలేదని నా కంటికి స్పష్టంగా కనిపించేది. అతన్ని కొన్న క్లబ్బు మూడేళ్ళ కిందటి టోరెస్ కోసం డబ్బు చెల్లించింది. ఇలాంటప్పుడు ఎన్ని క్లబ్బులు మారినా పాత మనిషి దొరకడు. అయినా 2012లో చెల్సీ తరఫున ఛాంపియన్స్ లీగ్ (యూరప్ మేటి క్లబ్బుల పోటీ) కప్పును అందుకున్న ఆటగాణ్ణి కేవలం విఫలుడనడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఒక అకాడమీలో శిక్షణ తీసుకుంటున్నాడు. స్ట్రైకర్ల వెనక ఆడేవాడు. ఈ మధ్య కోచ్ గారు వాణ్ణి డిఫెన్స్ ముందుకు, బాగా వెనక్కి జరిపారు. వాడు దాన్ని అవమానంగా భావించి దిగులుపడుతున్నాడు. అకాడమీ మార్చమంటారా?
— ఒక తండ్రి, మేడ్చల్

జవాబు: తొందరపడకండి. మీ బాబుకు జరిగిందే ఆండ్రియా పిర్లోకు 21 ఏళ్ళ వయసులో జరిగిందని ముందు వాడికి చెప్పండి. పిర్లోను ఇంటర్ మిలాన్ 1998లో స్ట్రైకర్ల వెనక ఆడే సృజనశీలిగా కొన్నది. కానీ ఆ స్థానంలో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ప్రత్యర్థులు మీద పడుతుంటారు. వేగం లేని పిర్లోకు తలెత్తి చూసే సందు చిక్కలేదు. 2001లో ఇంటర్ అతన్ని సొంత ఊరి క్లబ్బు బ్రెషియాకు అరువిచ్చింది. ఆ జట్టులో పదో నంబరు స్థానం, అంటే స్ట్రైకర్ల వెనక చోటు, మహానుభావుడు రాబర్తో బాజియోది. దాంతో కోచ్ కార్లో మజోనే పిర్లోను డిఫెన్స్ ముందుకు, మీ బాబును నిలబెట్టిన చోటికే, తెచ్చి నిలబెట్టాడు. 2001 ఏప్రిల్ 1న టూరిన్‌లో యువెంటస్‌తో జరిగిన మ్యాచ్ చివరి నిమిషాల్లో, పిర్లో అక్కడినుంచి డిఫెండర్ల తలల మీదుగా ఒక పొడవైన పాస్ పంపాడు. బాజియో పరుగెత్తుతూనే, భుజం మీదుగా దిగుతున్న ఆ బంతిని ఒక్క స్పర్శతో అదుపు చేసి, ఆ స్పర్శతోనే గోల్‌కీపర్‌ను దాటించి, ఖాళీ గోల్‌లోకి నెట్టాడు. స్కోరు 1-1. ఆ వీడియో దొరుకుతుంది. మీ ఇద్దరూ కలిసి చూడండి, బాజియోను తర్వాత చూడవచ్చు, ముందు పాస్ ఇచ్చే ముందు పిర్లోకు ఎంత తీరిక ఉందో గమనించండి. ఆ ఏడే ఇంటర్ అతన్ని ఏసీ మిలాన్‌కు అమ్మేసింది. అక్కడ అదే స్థానంలో రెండు ఛాంపియన్స్ లీగ్‌లు, ఇటలీ తరఫున 2006 ప్రపంచ కప్ గెలిచాడు. 2011లో మిలాన్ అతన్ని రుసుం లేకుండా వదిలేస్తే, 32 ఏళ్ళ వయసులో యువెంటస్‌కు వెళ్ళి వరసగా నాలుగు లీగ్ టైటిళ్ళు అందుకున్నాడు.

వెనక్కి జరగడమే కాదు, ముందుకు జరగడం వల్ల వెలిగినవాళ్ళూ ఉన్నారు. చిన్నప్పటినుంచీ మాంచెస్టర్ యునైటెడ్‌లో పెరిగి, అక్కడ ఎక్కువగా రక్షణ బాధ్యతలున్న మిడ్‌ఫీల్డర్‌గా ఆడిన స్కాట్ మెక్‌టామినే, 2024లో నాపోలికి వెళ్ళాడు. కోచ్ కాంటే అతన్ని పెనాల్టీ బాక్స్‌లోకి పరుగులు తియ్యమన్నాడు. ఆ సీజన్‌లో 12 లీగ్ గోల్స్ చేసి, ఆఖరి మ్యాచ్‌లో గాలిలోకి ఎగిరి కొట్టిన వాలీతో (బంతి నేల తాకకముందే కొట్టే షాట్‌తో) నాపోలి టైటిల్‌కు బాట వేసి, ఇటలీ లీగ్ ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు.

మీరు హైదరాబాద్ పరిసరాల వారు కాబట్టి ఇంకొకటి కూడా చెప్పకుండా ఉండలేను. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌లో తలతో బంతిని ఎదుర్కోవడం తప్పదు కనుక ఇక ఆడలేడనుకున్నారు. రహీం గారు అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. సెమీఫైనల్లో ఒక గోల్, దక్షిణ కొరియాతో ఫైనల్లో మరొకటి చేశాడు. భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. ఆ మనిషి బలమూ పట్టుదలా జట్టుకు కావాలి, అవి ఏ చోట ఉపయోగపడతాయో వెతకాలి అన్నది ఆయన లెక్క.

కాబట్టి కోచ్ గారిని కలవండి, కాని అకాడమీ మారుస్తామని చెప్పడానికి కాదు. బంతి అందాక మా వాడు ఏం చెయ్యాలని మీరు ఆశిస్తున్నారని అడగండి. ఆయన దగ్గర స్పష్టమైన జవాబు ఉంటే, ఒక సీజన్ పూర్తిగా ఆగండి. ‘అక్కడ మనిషి తక్కువయ్యాడు’ అన్నదే జవాబైతే, అప్పుడు ఆలోచించవచ్చు. ఈలోగా ఆదివారం మ్యాచ్‌కు వెళ్ళినప్పుడు గోల్స్ లెక్క పక్కన పెట్టి, చిన్న కాగితం మీద రెండే రాసుకోండి: మీ బాబుకు బంతి ఎన్నిసార్లు అందింది, అందినప్పుడు వాడి ముఖం ఎటు ఉంది. నాలుగైదు మ్యాచ్‌ల తర్వాత ఆ కాగితాలు పట్టుకొని మళ్ళీ రాయండి.