వైపర్ మధ్యలో ఆగిపోతే మోటారే పోయిందా?

ప్రశ్న: మాది పదేళ్ల నాటి చిన్న కారు. వైపర్ రెండో స్పీడ్‌లో బాగానే తిరుగుతోంది. మొదటి స్పీడ్‌లో గానీ, ఆగి ఆగి తిరిగే సెట్టింగ్‌లో గానీ కదలదు. ఆఫ్ చేస్తే అద్దం మధ్యలోనే నిలబడిపోతోంది. ఫ్యూజు మార్చినా లాభం లేదు. మెకానిక్ మోటారు మార్చాల్సిందే అంటున్నారు. వానల్లో రోజూ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తొందరపడి మోటారు కొనకండి. రెండో స్పీడ్ పనిచేస్తోందంటే ఫ్యూజు, ఎర్త్ (మోటారును కారు బాడీకి కలిపే కనెక్షన్) బాగున్నట్టే. ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంటే రెండు స్పీడ్‌లూ నీరసంగా తిరిగేవి.

ఇలాంటి పాత రకం మోటారులో మామూలుగా మూడు కార్బన్లు, అంటే తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే చిన్న ముక్కలు, ఉంటాయి. ఒకటి రెండు స్పీడ్‌లకూ ఉమ్మడి, ఒకటి మొదటి స్పీడ్‌ది, ఇంకొకటి రెండో స్పీడ్‌ది. మీరు ఆఫ్ చేశాక వైపర్ కిందికొచ్చి పడుకోవడానికి కావలసిన కరెంటు కూడా ఆ మొదటి స్పీడ్ వైరు మీదుగానే వెళ్తుంది, ఆగి ఆగి తిరిగేదీ దాని మీదే, కాబట్టి మీకు మూడు జబ్బులు కనిపిస్తున్నా మూలం ఒక్కటే అయ్యుండొచ్చు.

అద్దం మీద నీళ్లు పోసి, ఇగ్నిషన్ ఆన్ చేసి స్విచ్ మొదటి స్పీడ్‌లో పెట్టండి. మోటారు ప్లగ్ ఊడదీయకుండానే, మొదటి స్పీడ్ వైరులో కరెంటు ఉందో లేదో మల్టీమీటర్‌తో (వోల్టులు కొలిచే మీటర్) చూడండి. వైరు రంగులు కంపెనీని బట్టి మారతాయి, మీ కారు వైరింగ్ డయాగ్రమ్ దగ్గర పెట్టుకోవాలి. చేతులు మాత్రం మోటారు నుంచి వైపర్లను కదిపే లింకు రాడ్లకు దూరంగా ఉంచండి, ఉన్నట్టుండి కదిలితే వేళ్లు నలుగుతాయి.

12 వోల్టుల దాకా వస్తున్నా మోటారు కదలకపోతే తప్పు మోటారుదే. స్క్రూడ్రైవర్ పిడితో మోటారు మీద మెల్లగా తట్టండి, అప్పుడు తిరిగితే కార్బన్ అరిగిందనో ఇరుక్కుందనో అనుకోవచ్చు. సెల్ఫ్ మోటార్లు బాగుచేసే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర కార్బన్లు మాత్రమే మార్చే వీలుంటుందేమో ముందు అడగండి.

కరెంటు రాకపోతే తప్పు స్విచ్‌లోనో, మధ్య వైరులోనో ఉంది. ప్లగ్ తీస్తే 12 చూపించి, పెట్టగానే పడిపోతుంటే ఎక్కడో కాంటాక్ట్ సరిగ్గా లేదన్నమాట. ప్లగ్‌లో పచ్చగా చిలుము పట్టిందేమో చూడండి. చెట్టు కింద పెట్టే కార్లలో ఇది మామూలే, అద్దం కింద ఆకులు పేరుకుని నీళ్లు పోయే కన్నాలు మూసుకుపోతాయి, ఆ నీళ్లు మోటారు దాకా వస్తాయి.

ఫ్యూజు మార్చానన్నారు, పాతదెన్ని ఆంపియర్లో కొత్తదీ అన్నే ఉందా? 20 ఉండాల్సిన చోట 30 వేస్తే ఫ్యూజు కన్నా ముందు వైరు కాలే ప్రమాదముంది, ఈరోజే చూసుకోండి. స్విచ్ మార్చాల్సి వచ్చినా మీరే విప్పకండి. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే అది తెలిసిన మనిషి బ్యాటరీ వైరు తీసి చేయాల్సిన పని.