పెట్టుబడి రాయితీ పట్టాదారుదా, కౌలుదారుదా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మహబూబాబాద్ జిల్లాలో మాకున్న ఆరెకరాలను మా ఊరి రైతుకు కౌలుకిచ్చాం. బోరు కింద వేసిన యాసంగి వరి కోతకు వారం ముందు రాళ్లవానకు సగానికి పైగా రాలిపోయింది. నష్టపరిహారం ఎంత వస్తుంది? అది ఎవరికి చెందాలి?
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: మీరు నష్టపరిహారం అంటున్న దాన్ని ప్రభుత్వ కాగితాల్లో పెట్టుబడి రాయితీ అంటారు. అది పోయిన పంటకు వెల కట్టి ఇచ్చే డబ్బు కాదు. విత్తనానికీ ఎరువుకూ పెట్టినదంతా మట్టిపాలైన రైతు మళ్లీ నాటు వేసుకోవడానికి ఇచ్చే ఆసరా. ఈ తేడా గుర్తుంచుకుంటే మీ రెండో ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

తుఫాను, వరద, వడగళ్లు, కరువు, అగ్నిప్రమాదం వంటి విపత్తులకు ఈ సాయం రాష్ట్ర విపత్తు నిధి నుంచి వస్తుంది. అందులో 75 శాతం కేంద్రానిది, 25 శాతం రాష్ట్రానిది. పంట 33 శాతం, అంతకు మించి దెబ్బతినాలి. 2015కు ముందు ఈ హద్దు 50 శాతం. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం ఖరారు చేసిన ప్రమాణాల ప్రకారం హెక్టారుకు వర్షాధార పంటకు రూ.8,500, నీటి వసతి ఉన్న పంటకు రూ.17,000, మామిడి వంటి బహువార్షిక తోటలకు రూ.22,500 ఇస్తారు. అయితే ఇది రెండు హెక్టార్లకే, అంటే సుమారు 4 ఎకరాల 38 గుంటలకే పరిమితం. అలా చూస్తే మీ పొలానికి దక్కేది గరిష్ఠంగా రూ.34,000; మిగిలిన ఎకరం రెండు గుంటలు లెక్కలోకి రావు. 2023 మార్చి వడగళ్ల తరువాత, 2024 సెప్టెంబరు వరదల తరువాత రాష్ట్ర ప్రభుత్వం ఎకరానికి రూ.10,000 ప్రకటించిన మాట నిజమే గాని, అది ఆయా సందర్భాలకు ప్రత్యేకంగా ప్రకటించినది. ప్రతి వానకూ అదే వస్తుందని లెక్క వేసుకోకండి.

ఇక ఎవరికి అన్నది. 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం కింద రుణ అర్హత కార్డు పొందిన కౌలు రైతుకు పంట నష్ట సాయం పొందే అర్హత ఉంది. ఆ కార్డు ఉన్న కౌలు రైతు మన పల్లెల్లో అరుదు కాబట్టి, జాబితాలో పట్టాదారు పేరొక్కటే ఎక్కితే డబ్బు మీ ఖాతాలోనే పడుతుంది. అందుకే వ్యవసాయ విస్తరణాధికారి సర్వే నంబరు వారీగా మడి చూడడానికి వచ్చే రోజున సాగుదారును అక్కడే ఉండమనండి. కౌలుకిచ్చినట్టు మీరు సంతకం చేసిన కాగితమొకటి అతని చేతికివ్వండి. ఆలోగా పొలం దున్నించవద్దు. రాలిన గింజ తడికి మొలకెత్తి మడంతా పచ్చగా కనిపిస్తుంది, అందుచేత వాన వెలిసిన రోజే ఒట్టి కంకులనూ బురదలోని గింజలనూ ఫోటోలు తీయించండి. అయినా సొమ్ము మీ ఖాతాకే వస్తే అతనికి పంపేయండి. పెట్టుబడి అతనిది, అప్పూ అతనిదే.

ప్రశ్న: వాగు పొంగి మా పాడి గేదె కొట్టుకుపోయింది. సాయం అందుతుందా?
— ఒక పాఠకురాలు, మేడ్చల్

జవాబు: అందుతుందమ్మా. పైన చెప్పిన ప్రమాణాల్లోనే పాడి గేదెకు రూ.37,500, మేకకు గాని గొర్రెకు గాని రూ.4,000 ఉన్నాయి. కళేబరం దొరికితే పూడ్చే ముందే పశువైద్యుని పిలిపించి ధ్రువపత్రం రాయించుకోండి.