పేరుతో మెయిల్ ఐడీ దొరకడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్, నేను కాకినాడలో బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఈఏపీసెట్ అప్లికేషన్ కోసం నెట్ సెంటర్ అన్న నాకో జీమెయిల్ క్రియేట్ చేసి ఇచ్చాడు. అందులో నా ముద్దుపేరు, పక్కన 'క్యూటీ', చివర పుట్టిన సంవత్సరం ఉన్నాయి. అది రెజ్యూమెలో పెట్టొద్దని ప్లేస్‌మెంట్ ఆఫీసర్ చెప్పారు. నా పేరుతో ఏది కొట్టినా ఇప్పటికే ఎవరో తీసుకున్నారని వస్తోంది. కాలేజీ మెయిల్ ఇచ్చేస్తే సరిపోతుందా? ఇంటిపేరు కలిపితే పెళ్లయ్యాక ఇబ్బంది అని అమ్మ అంటోంది. టెన్షన్‌గా ఉంది, సలహా ఇవ్వండి.

జవాబు: ముందు కాలేజీ మెయిల్ సంగతి తేల్చేద్దాం. అది నీది కాదమ్మా, కాలేజీది. చాలా కాలేజీలు చదువు అయిపోయిన కొన్నాళ్లకు దాన్ని ఆపేస్తాయి. క్యాంపస్ డ్రైవ్‌లో అదే ఇవ్వాలంటే ఇవ్వు, కానీ నీ సొంత మెయిల్ కూడా తప్పకుండా రాయి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక జాయినింగ్ నెలల తరబడి వెనక్కి జరగడం మామూలే. ఆ కబురు వచ్చేసరికి కాలేజీ మెయిల్ పని చేయకపోవచ్చు. నా దగ్గరకు వచ్చే ఒకబ్బాయికి ఇదే జరిగింది. జాయినింగ్ మెయిల్ ఆగిపోయిన అడ్రస్‌కి వెళ్లింది. తోటివాళ్లు వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకుంటుంటే చూసి కంపెనీకి ఫోన్ చేశాడు. ఉద్యోగం దక్కింది గానీ, ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

ఇక పేరు. నీ పదో తరగతి మెమో తీసి పక్కన పెట్టుకో. అందులో ఏ స్పెల్లింగ్ ఉందో మెయిల్‌లో కూడా అదే ఉండాలి. రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు మెమో, ఆధార్, రెజ్యూమె, మెయిల్ అన్నీ ఒకచోట పెట్టి చూస్తారు. నాలుగింటిలో ఒకటే పేరు కనిపిస్తే వాళ్లకూ పని తేలిక, నీకూ తేలిక.

జీమెయిల్ యూజర్‌నేమ్‌లో ఆరు నుంచి ముప్పై అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. చుక్కలు పెట్టుకోవచ్చు, అండర్‌స్కోర్ కుదరదు. చుక్కల విషయంలో చాలామంది పొరపడతారు. జీమెయిల్ చుక్కల్ని అసలు లెక్కలోకి తీసుకోదు. పేరు, ఇంటిపేరు కలిపి రాసినా, మధ్యలో చుక్క పెట్టినా దానికి ఒకటే అడ్రస్. అందుకే ఎవరో తీసుకున్న పేరుకు చుక్కలు అటూ ఇటూ మార్చినా ఉపయోగం ఉండదు. నువ్వు తీసుకున్నాక మాత్రం రెజ్యూమెలో పేరుకీ ఇంటిపేరుకీ మధ్య చుక్క పెట్టి రాసుకో, చదవడానికి హాయిగా ఉంటుంది.

అయితే ఏది దొరుకుతుంది? ముందు పూర్తి ఇంటిపేరు వేసి చూడు. మన తెలుగువాళ్లకు ఇదొక వరం. సాయి, లక్ష్మి, కుమార్ లాంటి పేర్లు లక్షల్లో ఉంటాయి గానీ ఇంటిపేరు పూర్తిగా కలిపితే ఆ గుంపు ఒక్కసారిగా పలచబడుతుంది. మనమేమో అలవాటు కొద్దీ దాన్ని ఒక్క అక్షరానికి కుదించేస్తాం. పేరు ముందు పెట్టి చూడు, ఇంటిపేరు ముందు పెట్టి చూడు, మధ్య పేరుంటే కలుపు. అప్పటికీ దొరక్కపోతే అవుట్‌లుక్‌లో ప్రయత్నించు, అక్కడ ఖాళీ ఉండొచ్చు. జీమెయిలే ఉండాలని ఏ కంపెనీ అడగదు. బ్రాంచ్ పేరు, కాలేజీ పేరు, 'బీటెక్' మాత్రం వద్దు, మూడేళ్లకే పాతబడిపోతాయి. పుట్టిన సంవత్సరం కూడా వద్దు. అది అడ్రస్ చూసిన ప్రతివాళ్లకూ తెలియాల్సిన విషయం కాదు.

అమ్మగారి మాట కొట్టిపారేసేది కాదు, ఆవిడ ముందుచూపుతోనే అన్నారు. కానీ పెళ్లయినా నీ మెమోలు, డిగ్రీ పట్టా పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటాయి కదా. మెయిల్ ఐడీ వాటితో కలవడమే ముఖ్యం. ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అన్నది అప్పుడు నీ ఇష్టం, దానికోసం ఇప్పుడు నీ పేరు తగ్గించుకోవద్దు.

ఇంకో విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు. మనం 'త' శబ్దానికి టి పక్కన హెచ్ వేస్తాం. ఉత్తరాదిలో ఒట్టి టి రాస్తారు, హెచ్ కనిపిస్తే 'థ' అని చదువుతారు. స్వాతి అనే పేరే అనుకో. గురుగ్రామ్‌లో కూర్చున్న హెచ్‌ఆర్ అమ్మాయి ఫోన్‌లో నీ అడ్రస్ విని, తనకు అలవాటైనట్టు హెచ్ లేకుండా కొడుతుంది. ఆ అడ్రస్ ఇంకో స్వాతిది అయి ఉంటే మెయిల్ వెనక్కి కూడా రాదు. తను పంపాననుకుంటుంది, నువ్వు రాలేదనుకుంటావు. 'క్ష' కూడా అంతే, కొందరు ఎక్స్ వేస్తారు, కొందరు కె ఎస్ హెచ్ వేస్తారు. అలాగని నీ స్పెల్లింగ్ మార్చుకోవద్దు. ఫోన్‌లో ఎవరైనా అడిగితే నోటితో చెప్పి వదిలేయకుండా, "మేడమ్, ఇప్పుడే మెసేజ్ చేస్తాను" అని టైప్ చేసి పంపు.

కొత్తది చేశాక డిస్‌ప్లే నేమ్ చూసుకో. అడ్రస్ ఎంత చక్కగా ఉన్నా, ఇన్‌బాక్స్‌లో ముందు కనిపించేది ఆ పేరే. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్'కి వెళ్తే, 'సెండ్ మెయిల్ యాజ్' పక్కన 'ఎడిట్ ఇన్ఫో' ఉంటుంది. అక్కడ మెమోలో ఉన్న పేరు రాయి. ఫొటో పెడితే నీదే పెట్టు, అభిమాన హీరోది వద్దు.

పాత మెయిల్‌ని ఇప్పుడే డిలీట్ చేయొద్దు. స్కాలర్‌షిప్, బ్యాంకు, రాసిన పరీక్షలు అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. నాకు అన్నిటికన్నా బెంగ కలిగించేది మాత్రం వేరే ఉంది. ఆ మెయిల్ చేసినప్పుడు నెట్ సెంటర్ అన్న రికవరీకి, అంటే పాస్‌వర్డ్ మర్చిపోతే అకౌంట్ తిరిగి తెరవడానికి, తన ఫోన్ నంబరే ఇచ్చి ఉండొచ్చు, పాస్‌వర్డ్ నీ పేరు పక్కన 'యాట్ వన్ టూ త్రీ' అయి ఉండొచ్చు. ఆయన మంచివాడే కావచ్చు, కానీ నీ తాళంచెవి ఆయన దగ్గర ఉండకూడదు. ఈ రాత్రికే గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ తెరిచి రికవరీ నంబరు నీది పెట్టు, పాస్‌వర్డ్ మార్చు, 'యువర్ డివైజెస్'లో నీవి కానివి కనిపిస్తే సైన్ అవుట్ చేయి. ఆ తర్వాత పాత దానికి వచ్చేవి కొత్త దానికి ఫార్వర్డ్ అయ్యేలా సెట్టింగ్స్‌లో పెట్టుకో. స్పామ్‌లో పడ్డవి ఫార్వర్డ్ కావు, కాబట్టి అప్పుడప్పుడు పాత దాంట్లోకి వెళ్లి చూస్తుండు. రెండేళ్లు అసలు వాడకపోతే గూగుల్ ఆ అకౌంట్‌ని తీసేయవచ్చు కూడా. లింక్డ్‌ఇన్‌లో కొత్త అకౌంట్ అక్కర్లేదు, ఉన్నదాంట్లోనే కొత్త మెయిల్ జోడించి దాన్ని ప్రైమరీ చేసుకో.

కొత్త అకౌంట్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టు, అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఇంకోసారి నువ్వేనా అని అడుగుతుంది. అది ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను ప్రింట్ తీసి సర్టిఫికెట్ల ఫైల్‌లో పెట్టు, ఫోన్‌కి ఓటీపీ రాకపోయినా వాటితో మెయిల్ తెరవొచ్చు. ఎమ్మెస్‌కి వెళ్లిన పిల్లలు ఇక్కడి సిమ్ రీఛార్జ్ చేయక నంబరు పోగొట్టుకుని, ఓటీపీ రాక సొంత మెయిల్ తెరవలేక ఏడ్చిన సందర్భాలు నేను చూశాను.

అంతా అయ్యాక నీ స్నేహితురాలికి ఫోన్ చేసి, కొత్త అడ్రస్ ఒక్కసారే చెప్పి దానికి మెయిల్ పంపమను. రాకపోతే తను ఏం కొట్టిందో స్క్రీన్‌షాట్ అడుగు. ఏ అక్షరం దగ్గర తప్పిందో అక్కడే, రేపు హెచ్‌ఆర్‌కి చెప్పేటప్పుడు నువ్వు ఒక్క క్షణం ఆగి విడమరిచి చెప్పాలి.