కొత్త మౌంటెన్ స్నోమొబైల్ (కొండల్లో మంచు మీద నడిపే బండి) లోతు మంచులో అంత తేలిగ్గా ఎందుకు ఒరుగుతుంది?

అసలు కారణం ఇంజిన్ కాదు: ముందు స్కీల (మంచు మీద జారే పలకల) మధ్య ఎడం తగ్గింది, వెనక ట్రాక్ (బండిని ముందుకు నెట్టే రబ్బరు పట్టీ) పొడవు పెరిగింది. 1990ల చివరి బండ్లలో స్కీల ఎడం సుమారు 41 అంగుళాలు, ట్రాక్ 136. ఇప్పుడు ఎడం దాదాపు 36, ట్రాక్ 154–165. ట్రాక్ పొడవైతే బరువు ఎక్కువ మంచు మీద పరుచుకుంటుంది, బండి కూరుకుపోదు. ఎడం తక్కువైతే ఒరిగించడానికి తక్కువ బలం చాలు.

రాకీ పర్వతాల్లో వాలుకు అడ్డంగా నడిపి చూడండి. పాతదాన్ని కొండవైపు ఒరిగించి ఉంచాలంటే ఒళ్లంతా వేలాడేయాలి. కొత్తదానికి కొండవైపు పాదం మీద బరువు మోపితే దాదాపు సరిపోతుంది.

హార్స్‌పవర్ వల్లేననుకోవడం పొరపాటు. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేని ఇంజిన్, కొత్తదైనా పాతదైనా, ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. గట్టిపడ్డ దారిలో మాత్రం పరీక్షించకండి. అక్కడ ఇరుకు స్కీల బండే తూలుతుంది.