క్రివెల్లి మీద వ్యాసం రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది, చదివాను. ముందుగా కార్లో క్రివెల్లిని ఎంచుకున్నందుకు సంతోషం. ఇటలీ చిత్రకళ అనగానే మనం లియొనార్డో, మైకెలాంజెలో, రఫేల్ దగ్గరే ఆగిపోతాం. వాళ్ళను దాటి 15వ శతాబ్దపు వెనిస్ మనిషిని వెతుక్కుంటూ వెళ్ళావంటే నీ ఇష్టం నిజమైనదే. అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను. వ్యాసంలో ఇష్టం ఉంది, ఆవేశం ఉంది. చిత్రాలు మాత్రం కనిపించలేదు. చరిత్ర ఇతనికి అన్యాయం చేసిందని నిరూపించే పనిలో పడి, ఇతను ఏం గీశాడో చెప్పడం వదిలేశావు.

మొదలే 1457తో పెట్టావు. ఒక నావికుడి భార్యతో సంబంధం పెట్టుకున్నాడని వెనిస్‌లో క్రివెల్లికి ఆరు నెలల జైలు, జరిమానా పడిన సంగతి. అది రికార్డుల్లో ఉంది, నిజమే. ఆ కథ చెబితే పాఠకుడు ఆగి చదువుతాడనీ తెలుసు. కానీ ఆ తర్వాత పేజీన్నర దాకా ఆ జైలు నీడలోంచి బయటికి రాలేదు నువ్వు. అతని చిత్రాల్లో దుఃఖానికి అదే మూలం అన్నావు, ఊరు వదలడానికి అదే కారణం అన్నావు. ఆ రెండూ ఊహలే. ఊహను ఊహగానే చెప్పు, లేదా తీసేయి. ఆ శిక్ష సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళిపో. తర్వాత అతను అడ్రియాటిక్ సముద్రం అవతలి ఒడ్డున జారాలో (ఇప్పటి క్రొయేషియాలోని జాదర్) కొన్నాళ్ళు ఉన్నాడు. 1468 నాటికి మధ్య ఇటలీ తూర్పు తీరాన మార్కె ప్రాంతానికి చేరాడు. ఫెర్మో, అస్కోలి, కమెరీనో వంటి చిన్న ఊళ్ళ చర్చిలకు బొమ్మలు గీస్తూ అక్కడే బతికాడు. అయినా సంతకం మాత్రం 'వెనిస్ వాడు కార్లో క్రివెల్లి' అనే చేశాడు. కొండల మధ్య ఊళ్ళో వెనిస్ పేరుకు ఎంత గిరాకీ ఉండేదో ఆ సంతకమే చెబుతుంది. నీకు జైలు కథ కంటే ఇది ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ఇది చిత్రం మీదే రాసి ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 'ప్రపంచం మరిచిపోయిన మహాచిత్రకారుడు' అని రాశావు. ఎవరు మరిచిపోయారు? ఇటలీ చిత్రకారుడూ రచయితా అయిన వసారి 1550లో అచ్చువేసి, 1568లో పెంచి మళ్ళీ వేసిన కళాకారుల జీవితచరిత్రల్లో క్రివెల్లి లేడు. అది నిజం, బరువైన నిజం కూడా, ఎందుకంటే తర్వాత మూడు వందల ఏళ్ళు ఇటలీ కళను చాలామంది వసారి కళ్ళతోనే చూశారు. కానీ అస్కోలి పెద్ద చర్చికి 1473లో క్రివెల్లి చెక్క పలకలు కలిపి చేసిన బలిపీఠ చిత్రం ఇవాళ్టికీ ఆ చర్చిలోనే ఉంది. దాని ముందు తరతరాలుగా జనం మోకరిల్లారు, కొవ్వొత్తులు వెలిగించారు. వాళ్ళకు అతను మరుపున పడిన మనిషి కాడు. మరిచిపోయింది పుస్తకాల లోకం. నీ వ్యాసం ఈ తేడా మీద నిలబడితే మొదటి పేజీకే బలం వస్తుంది.

'19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు అతన్ని తిరిగి కనుగొన్నారు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, అక్కడ ఇంకా చాలాసేపు ఆగాల్సింది. గుర్తింపు గాల్లోంచి రాలేదు. నెపోలియన్ పాలనలో మఠాలు మూయించారు, వాటి ఆస్తులు స్వాధీనం చేసుకున్నారు. అస్కోలిలోని 'మంగళవార్త' చిత్రం, అంటే యేసు పుడతాడని గాబ్రియేలు దూత మరియకు చెప్పే ఘట్టం, 1811లో మిలాన్‌లోని బ్రేరా చిత్రశాలకు వెళ్ళింది. అక్కడి నుంచి చేతులు మారి, చివరికి లార్డ్ టాంటన్ కానుకగా 1864లో లండన్ నేషనల్ గ్యాలరీకి చేరింది. దానికి రెండేళ్ళ ముందే, ఆ గ్యాలరీ మొదటి డైరెక్టర్ ఈస్ట్‌లేక్ మతేలికా ఊరి నుంచి 'వానకోయిల మాత' చిత్రాన్ని కొన్నాడు. 1868లో దెమిదోఫ్ బలిపీఠ చిత్రం వచ్చింది. అంటే ఆరేళ్ళలో ఒక్క మ్యూజియంలోకే మూడు పెద్ద చిత్రాలు! లండన్ చూసింది, మెచ్చుకుంది.

దానికి చెల్లించిన మూల్యం కూడా రాయి. పలకలు కలిపి చేసిన బలిపీఠ చిత్రాలను వ్యాపారులు విడగొట్టి, ఏ పలకకు ఆ పలక అమ్ముకున్నారు. 1470లో పోర్తో సాన్ జోర్జో చర్చికి చేసినదాన్నే చూడు. మధ్యలో ఉండాల్సిన మరియమ్మ వాషింగ్టన్‌లో ఉంది, ఘటసర్పాన్ని చంపే పునీత జార్జి బోస్టన్‌లో, పేతురు పౌలులు లండన్‌లో ఉన్నారు. దెమిదోఫ్ చిత్రం కథ ఇంకా విచిత్రం. అది అస్కోలిలోని సాన్ దొమేనికో చర్చి నుంచి వచ్చిన రెండు వేర్వేరు బలిపీఠ చిత్రాల పలకలు. ఫ్లోరెన్స్‌లో ఉన్న ప్రిన్స్ దెమిదోఫ్ తన విల్లా ప్రార్థనామందిరం కోసం వాటిని ఒకే బంగారు చట్రంలో బిగించిపెట్టుకున్నాడు. క్రివెల్లి అంటే ఇంత అట్టహాసం అని లండన్ జనం నోరెళ్ళబెట్టి చూసినదాంట్లో కొంత భాగం 19వ శతాబ్దపు కూర్పే. ఒక కళాకారుణ్ణి తిరిగి వెలుగులోకి తెచ్చినవాళ్ళే అతని పనిని చెల్లాచెదురు చేశారు, మార్చారు కూడా. ఇది రాయకుండా 'పునరావిష్కరణ' అని రాయడం సగం నిజం.

ఇక అతను గొప్పవాడా కాదా అన్న వాదన. ఇక్కడ నీ వ్యాసం బాగా బలహీనపడింది. అతన్ని తక్కువ చేసినవాళ్ళకు కళ్ళు లేవన్నట్టు రాశావు. వాళ్ళ మాట వాళ్ళకంటే బాగా చెప్పగలగాలి నువ్వు. ప్రయత్నిస్తాను చూడు. క్రివెల్లి 1495 ప్రాంతంలో చనిపోయాడు. అప్పటికి లియొనార్డో మిలాన్‌లో చివరి రాత్రి భోజనాన్ని గోడమీద గీస్తున్నాడు. వెనిస్‌లో జొవాన్నీ బెల్లినీ నూనె రంగులతో గాలినీ సాయంకాలపు వెలుతురునూ పట్టుకుంటున్నాడు, పునీతులందర్నీ ఒకే గదిలో ఒకే వెలుతురు కింద నిలబెడుతున్నాడు. క్రివెల్లి మాత్రం ఇంకా బంగారు నేపథ్యం మీద, ఒక్కో పలకలో ఒక్కో పునీతుణ్ణి గీస్తున్నాడు. వేళ్ళు అవే పొడవాటి వేళ్ళు, నుదుళ్ళు అవే. పళ్ళ దండలు చిత్రం తర్వాత చిత్రంలో వేలాడుతూనే ఉంటాయి. కాలం ముందుకు పోతుంటే ఇతను ఒక మూల ఊళ్ళో పాత ఫ్యాషన్‌కు మెరుగు పెట్టుకుంటూ కూర్చున్నాడన్నది వాళ్ళ ఆరోపణ. ఇందులో చాలా భాగం కాదనలేనిది. బెల్లినీ వెలుతురు క్రివెల్లి దగ్గర లేదు. నువ్వు ఉందని వాదించబోయావు, అక్కడే నీ మాట మీద నమ్మకం పోతుంది.

ఇటలీ చిత్రకళ మీద రాసిన కళావిమర్శకుడు బెరెన్సన్ ఎలా తప్పుకున్నాడో గమనించు. వెనిస్ చిత్రకారుల మీద రాస్తూ క్రివెల్లికి చోటివ్వలేదు. ఏ కాలానికైనా ఏ దేశానికైనా నికార్సైన కళాకారుల్లో ఇతనొకడు అని ఒప్పుకుంటూనే, 15వ శతాబ్దపు ఇటలీ కళ గురించి మనకున్న లెక్కంతా తలకిందులు చేస్తే తప్ప ఇతనికి పూర్తి న్యాయం చేసే సూత్రం దొరకదన్నాడు. నాకు అది తప్పించుకోవడంలాగే అనిపిస్తుంది. లెక్కలో ఇమడని మనిషి ఎదురైతే లెక్కనే అనుమానించాలి గదా! కానీ ఇబ్బందిని దాచకుండా చెప్పినందుకు బెరెన్సన్ మీద గౌరవం ఉంది.

మరి మన జవాబేమిటి? జవాబు చిత్రంలోనే వెతకాలి. 1486 నాటి మంగళవార్తను నేషనల్ గ్యాలరీ సైట్‌లో తెరిచి, జూమ్ చేసి, అంగుళం అంగుళం చూడు. రెండు మీటర్ల పైచిలుకు ఎత్తున్న చిత్రం అది. కుడివైపు తన గదిలో మరియ పుస్తకం ముందు మోకరిల్లి ఉంది. గాబ్రియేలు దూత మాత్రం వీధిలోనే ఉండిపోయాడు. పక్కన ఊరి కాపుదారు పునీత ఎమిడియో, అస్కోలి పట్టణం నమూనాను చేతుల్లో పెట్టుకుని ఏదో మాట్లాడుతున్నాడు. దేవదూత అంత పెద్ద కబురు మోసుకొస్తుంటే మధ్యలో ఊరి పెద్దమనిషి ఆపి తన ఊరు చూపిస్తున్నట్టుంటుంది. ఆకాశం నుంచి బంగారు కిరణం సూటిగా దిగి, గోడలో చిన్న కంతలోంచి దూరి మరియను చేరుతుంది. పైన మేడమీద నెమలి, తివాచీ, పంజరంలో పిట్ట. దూరాన వంతెన లాంటి కమాను మీద ఒకాయన ఉత్తరం చదువుతున్నాడు. మెట్ల దగ్గర నుంచి ఒక చిన్నపిల్ల తొంగి చూస్తోంది.

ఆ ఉత్తరం ఎందుకుందో తెలిస్తే చిత్రమంతా విచ్చుకుంటుంది. 1482లో పోపు నాలుగో సిక్స్‌టస్ అస్కోలికి కొంత స్వపరిపాలన ఇచ్చాడు. ఆ కబురు ఊరికి చేరింది మార్చి 25న, సరిగ్గా మంగళవార్త పండుగ రోజున. అందుకే చిత్రం అడుగున లాటిన్‌లో 'లిబెర్తాస్ ఎక్లేసియాస్తికా', అంటే చర్చి నీడలో స్వేచ్ఛ అని రాసి ఉంది. ఒక కబురు ఆకాశం నుంచి మరియకు, ఇంకో కబురు రోమ్ నుంచి ఊరికి. రెండూ ఒకే వీధిలో కలిశాయి. ఇదంతా కట్టుదిట్టమైన దృశ్యలోతులో, గీతలన్నీ ఒక చోటికి పరిగెత్తేలా గీశాడు. కాబట్టి అతనికి కొత్త పద్ధతి చేతకాక బంగారం పట్టుకు వేలాడాడన్న మాట నిలవదు. చేతనయ్యీ, గిరాకీదార్లు అడిగినచోట, తనకు ఇష్టమైనచోట బంగారం వాడాడు.

ఇంకా కిందికి చూడు. చిత్రం ముందు అంచున ఒక ఆపిల్, దాని పక్కన దోసకాయ. ఆ దోసకాయ అంచు దాటి మన వైపుకి పొడుచుకొచ్చినట్టుంటుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న చిన్న మరియమ్మ చిత్రంలో ముందరి గోడ మీద ఈగ ఉంది, నీడతో సహా. తోలబోయి చెయ్యి వెనక్కి తీసుకుంటాం.

ఇక్కడే తంజావూరు బొమ్మల ప్రస్తావన తెచ్చావు. సుద్దా జిగురూ కలిపిన ముద్దతో ఎత్తు తేల్చి బంగారు రేకు అంటించే పని మన పాఠకులకు వెంటనే అర్థమవుతుంది, కాబట్టి ఉంచు. దెమిదోఫ్ చిత్రంలో పేతురు తాళంచెవులు అలాగే పలక మీంచి పైకి లేచి ఉంటాయి. కానీ 'ఇద్దరిదీ ఒకే ఆత్మ' అన్న వాక్యం కొట్టేయి. రెంటికీ చుట్టరికం లేదు, పని పద్ధతిలో పోలిక ఉంది, అంతవరకే. క్రివెల్లి చేసిన విచిత్రం వేరే ఉంది. ఉబ్బెత్తు తాళంచెవికి నిజమైన నీడ పడుతుంది. చదునైన గోడ మీద ఈగకు రంగుతో గీసిన నీడ. కొవ్వొత్తి వెలుగులో ఈ రెండు నీడల్లో ఏది నిజమో తేల్చుకోలేక కన్ను తడబడుతుంది. స్వర్గం బంగారంలో, దోసకాయ అచ్చం దోసకాయలా, రెండూ ఒకే పలక మీద, ఒకదాన్నొకటి చెరపకుండా. బెల్లినీ ఈ పని చేయలేదు. నా మటుకు నాకు క్రివెల్లి గొప్పదనం ఇక్కడుంది, బెల్లినీని పక్కకు జరపకుండానే ఈ మాట చెప్పొచ్చు.

ఇది ఉత్త అలంకారమే అనేవాళ్ళకు ఇంకో రుజువు చూపించు. అతని తమ్ముడు విత్తోరె కూడా చిత్రకారుడే, అదే మార్కెలో అదే పద్ధతిలో గీశాడు. బంగారం, పళ్ళు, జరీ అంచులు అన్నీ ఉన్నాయి. ఇద్దరి మరియమ్మల్ని పక్కపక్కన పెట్టి చేతుల్ని చూడు. అన్న గీసిన వేళ్ళు పట్టుకుంటాయి, నొక్కుతాయి, వణుకుతాయి. తమ్ముడి వేళ్ళు ఉన్నచోట ఉంటాయి. సరంజామా ఒకటే అయినా ఫలితం వేరుగా వచ్చిందంటే, గొప్పదనం సరంజామాలో లేదనేగా! మెట్రోపాలిటన్‌లోనే 1476 నాటి పియెతా (చనిపోయిన యేసును చూసి విలపించే దృశ్యం) కూడా చూడు, ఏడుపుతో వంకరపోయిన ఆ ముఖాలకూ అలంకారానికీ సంబంధం లేదు.

అతని బలహీనతలు కూడా నీ నోటితోనే రాయి. పెద్ద పలకల చిత్రాల్లో పక్కన నిలబెట్టిన కొందరు పునీతులు లెక్క పూర్తి చేయడానికి నిలబడ్డట్టే ఉంటారు. చివరి ఏళ్ళలో, 1490లో బిరుదు వచ్చి సంతకంలో 'నైట్' చేర్చుకున్న తర్వాత, కొన్ని పనుల్లో నగిషీ మితిమీరింది. ఇవి ఒప్పుకున్నావంటే మంగళవార్త గురించి నువ్వు చెప్పేది జనం నమ్ముతారు.

కొత్త ప్రతిలో వసారి నాలుగో పేరాకి వెళ్ళాలి, జైలు ఒక వాక్యం, ఆ వీధి రెండు పేజీలు. 'అన్యాయం' ఎన్నిసార్లు వాడావో వెతికి అన్నీ తీసేయి. విత్తోరె భాగం రాసేటప్పుడు రెండు చిత్రాల పేర్లు, అవి ఏ మ్యూజియంలో ఉన్నాయో కూడా చెప్పు, చదివినవాళ్ళు తెరిచి చూసుకుంటారు. సంక్రాంతి లోపల పంపగలిగితే నేను తీరిగ్గా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్న