పడమటి గదిలో ఉక్క, ఉత్తరపు గదిలో చలి

ప్రశ్న: మాది నల్లగొండ శివారులో తూర్పు ముఖంగా కట్టుకున్న ఒకే అంతస్తు స్లాబు ఇల్లు. వేసవిలో పడమటి పడకగది రాత్రి పదకొండు దాటినా సెగలు కక్కుతూనే ఉంటుంది. ఏసీ పెట్టించినా తెల్లవారుజాము దాకా చల్లబడదు. డిసెంబరులో మా అత్తమ్మ పడుకునే ఉత్తరపు గది మాత్రం వణికిస్తుంది. ఇంకా పెద్ద ఏసీ, ఒక హీటరు కొనడం మంచిదా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: అమ్మా, ఇప్పుడే ఏదీ కొనకండి. మే నెల రెండో వారం ప్రాంతంలో మన జిల్లాలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు కనుక ఇంటి మొత్తంలో అందరికన్నా ఎక్కువ ఎండ తినేది కప్పే. కాంక్రీటు పగలంతా ఆ వేడిని దాచుకొని పొద్దుగూకాక గదిలోకి వదులుతుంది. దానికి తోడు మూడు గంటల తరువాతి ఏటవాలు ఎండ, గాలి బాగా కాగి ఉన్న వేళలోనే, పడమటి గోడను కొడుతుంది. మీ ఏసీ శక్తి చాలావరకు ఆ స్లాబును, ఆ గోడను చల్లార్చడానికే ఖర్చవుతోంది.

కాబట్టి ముందు మిద్దె మీదికి వెళ్లండి. పగుళ్లుంటే పూడ్పించి, రాతి సున్నాన్ని రాత్రంతా నానబెట్టి వడకట్టి, జిగురు కలిపి, కడిగిన కప్పు మీద అడ్డంగా ఒక పూత, నిలువుగా ఒక పూత వేయించండి. సున్నం కళ్లలో పడకుండా పనివాళ్లు జాగ్రత్తపడాలి. తెల్లటి కప్పు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది కూడా ఇందుకే. వానలకు పూత కొట్టుకుపోతుంది కనుక ఏటా ఫిబ్రవరి, మార్చిలలో మళ్లీ వేయాలి. ఖర్చు తట్టుకోగలిగితే తెల్లని టైల్స్ పరిపించుకోవడం మరింత మన్నికైన పని.

పడమటి గోడకు నీడ బయటి నుంచే పట్టాలి. లోపల పరదా కట్టే సమయానికి వేడి గోడ దాటి వచ్చేసి ఉంటుంది. గోడకు అడుగు దూరంలో ఆకుపచ్చ వల కడితే మధ్యలో గాలి ఆడుతుంది. నీటి వసతి ఉంటే పందిరి వేసి పాదు పాకించవచ్చు, స్థలం ఉంటే ఒక వేపమొక్క నాటండి. రాత్రి బయటి గాలి లోపలికన్నా చల్లబడ్డాకే ఎదురెదురు కిటికీలు తెరవాలి.

ఇక అత్తమ్మగారి గది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలిపోవడం వల్ల ఉత్తరపు గోడకు ఎండ తగలదు. దానికి హీటరుకన్నా తేలికైన మార్గం, ఆ రెండు నెలలు ఆమె పడకను పడమటి గదికి మార్చడం: వేసవిలో మిమ్మల్ని వేధించే ఆ సాయంత్రపు వేడే అప్పుడు ఆమెకు హాయినిస్తుంది. బండల నేల మీద జంపఖానా పరచండి, తలుపు కింది సందును గుడ్డతో మూయండి. బొగ్గుల కుంపటి మాత్రం మూసిన గదిలో ఎన్నడూ పెట్టకండి, దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.