నాలుగు నెలలకే లారీ దిగిపోయినవాడిని మళ్లీ ఎవరైనా తీసుకుంటారా?

తొలి ఉద్యోగం నాలుగు నెలలకే వదిలేశానని, మూడేళ్ల తర్వాత మళ్లీ దూరపు రూటు లారీ ఎక్కాలనుందని, మధ్యలో మానేసినవాడిని ఎవరైనా నమ్ముతారా అని అడిగారు. తీసుకుంటారు. డ్రైవరు దొరకక బండి షెడ్డులో పెట్టుకున్న ఓనర్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. కానీ మీరు అప్పుడు ఎందుకు మానేశారో రాయలేదు. నాకు అది తెలుసుకోవాలని ఉంది, ఎందుకంటే నేనూ ఏడో నెలలో మానేసినవాడినే.

2016లో కైకలూరు నుంచి హౌరాకు చేపలు తీసుకెళ్లే లారీలో చేరాను. థర్మాకోల్ పెట్టెల నిండా చేపలు, ఐసు. దారి దాదాపు 1,200 కిలోమీటర్లు. తెల్లవారుజామున మార్కెట్టుకు చేరాలి. వెనక ఐసు కరుగుతుంటుంది, ముందు ఫోను మోగుతుంటుంది. ఇద్దరు డ్రైవర్లుంటారని చెప్పి చేర్చుకున్నారు. మూడో ట్రిప్పు నుంచి నేనూ, క్లీనరూ మాత్రమే మిగిలాం. ఒక రాత్రి బాలేశ్వర్ దాటాక కళ్లు తెరుచుకునే నిద్రపోయాను. క్లీనరు కుర్రాడి కేకకు ఉలిక్కిపడి చూస్తే ఎడమ చక్రాలు మట్టిలోకి దిగిపోయి ఉన్నాయి. ఎదురుగా, రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆగి ఉన్న మరో లారీ. ఎలా తప్పించానో ఇప్పటికీ చెప్పలేను. ఆ ట్రిప్పు ఆలస్యమైందని బత్తాలో కోత పెట్టారు. తాళాలు ఇచ్చేసి ఇంటికి వచ్చాను.

తర్వాత నాలుగేళ్లు రైసు మిల్లులో పనిచేశాను. ధైర్యం చాలక వచ్చేశాడని ఊళ్లో అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. అది నిజం కాదని 2021లో తిరిగి ఎక్కాకే తెలిసింది. నాకు పడనిది లారీ కాదు, నిద్ర లేకుండా నడపడం. మీ కారణం కూడా అదే అయితే, అలాంటి లోడుకే మళ్లీ వెళ్లకండి.

ఈసారి గుంటూరు నుంచి ఎండుమిర్చి బస్తాలు. రోడ్డు అదే, కోల్‌కతా వైపే. మిర్చి కరగదు. వాన పడకముందే పట్టా సరిగ్గా కప్పి తాళ్లు బిగిస్తే చాలు. చేరేముందు ఓనరును మూడు విషయాలు అడిగాను: రెండో డ్రైవరు ప్రతి ట్రిప్పుకూ ఉంటాడా, లోడు దించడం ఆలస్యమై రోజుల తరబడి నిలబడితే హాల్టింగ్ డబ్బులు ఎవరిస్తారు, రాత్రి ఎక్కడ ఆపాలో ఎవరు నిర్ణయిస్తారు. మూడో ప్రశ్నకు ఆయన "నడిపేది నువ్వే కదా, నువ్వే చూసుకో" అన్నారు. అందుకే చేరాను. సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లు అనే కాగితానికి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది. అంటే ఆ దారికి ఆరేడు రోజులు. రెండు రోజుల్లో చేరాలనే తొందర కాగితంలో లేదు, మనుషుల్లో ఉంది.

లైసెన్సు సంగతి ఇప్పుడే చూసుకోండి. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు నిలబడాలి. నాది 2018లోనే తీరిపోయింది కాబట్టి నాకు ఆ పరీక్ష తప్పలేదు. డాక్టరు సర్టిఫికెట్ కూడా కావాలి. నేను మానేసినప్పుడు రాష్ట్రాల సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర గంటలు గడిచేవి. జీఎస్టీ వచ్చాక ఆ పన్నుల చెక్‌పోస్టులు పోయాయి, టోల్‌గేట్లలో ఫాస్టాగ్ వచ్చింది. 2020 తర్వాతి బీఎస్-6 (పొగ కాలుష్యం తక్కువ ఉండే) బండ్లలో డీజిల్‌తో పాటు యూరియా ద్రావణం ట్యాంకు కూడా చూసుకోవాలి. అది అయిపోతే ఇంజను బలం తగ్గి ఘాట్ రోడ్డు మీద ఇబ్బంది పెడుతుంది.

గేర్లు, మలుపులు, వెనక్కి తీయడం వారం రోజుల్లో చేతికి వచ్చేస్తాయి. నిద్ర మాత్రం అంత త్వరగా దారికి రాదు. అందుకే మొదటి మూడు నెలలు రెండో డ్రైవరుగానే వెళ్లండి, జీతం తక్కువైనా సరే. రాత్రి రెండు నుంచి ఐదు వరకు నేను నడపను. లైట్లున్న పెట్రోలు బంకులోనో, నాలుగైదు లారీలు ఆగి ఉన్న ఢాబాలోనో ఆపుతాను. ఒంటరిగా ఆపితే డీజిల్ దొంగల భయం, రోడ్డు అంచున ఆపితే నాలాంటి నిద్రమత్తు డ్రైవరు వెనక నుంచి వచ్చే భయం. మే నెలలో పగటిపూట క్యాబిన్‌లో పడుకోవడం నరకం. 2025లో కొత్తగా తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు కాబట్టి, కొత్త బండి ఇచ్చే ఓనరు దొరికితే జీతం వెయ్యి తక్కువైనా నేనైతే అటే వెళ్తాను.

మీతో మాట్లాడుతున్న ఓనరు ఏ లోడు, ఏ ఊరికి అంటున్నారో, రెండో డ్రైవరు ఉంటాడో లేదో రాయండి. కోల్‌కతా రోడ్డయితే రాత్రిళ్లు ఎక్కడ ఆపవచ్చో ఒక్కో చోటూ చెబుతాను.